మోకాలికి క్నే, కిడ్నీకి న్యూరె

మొదటి రోజు నా మోకాలుతోని షురూ చేసింది.

పొద్దు గూకుతున్నది. నేను అరుగు మీద కూసున్న. మా మనుమరాలు ఎస్తర్ నిజామాబాద్‌ల దవాఖాన డ్యూటీ దిగి, బోధన్ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోల ఊరికి వచ్చింది. ఆ పిల్ల నర్సు. వచ్చినంక చాయ తాగి పండుకుంటది. ఆ రోజు చాయ అడుగలే. నా ముందట కింద కూసోని, నా మోకాలు మీద రెండు వేళ్లతోని కొట్టి "క్నే" అన్నది.

నేను కాలు వెనుకకు తీసిన.

"తియ్యకు తాతా. డెన్మార్క్ భాష. మోకాలిని క్నే అంటరు."

"నాదే ఎందుకు?"

"అవ్వను పట్టుకుంటే ముచ్చట పెడ్తది. బాపు బస్సు నడిపొచ్చి పండుకున్నడు. నువ్వైతే కదలవు, మాట్లాడవు. మా క్లాసుల ప్లాస్టిక్ బొమ్మ ఉన్నది. దాని కంటె నువ్వే నయం."

లోపలి నుంచి నా భార్య శారమ్మ అన్నది: "ఆ బొమ్మకు మూతి ముడుసుడు రాదు గద బిడ్డా. మీ తాతకు వస్తది."

ఆ పిల్ల నవ్వుకుంట నా భుజం ముట్టి స్కుల్లర్ అన్నది. పొట్ట ముట్టి మేవె అన్నది. మెడ మీద చెయ్యి పెట్టి నక్కె అన్నది.

"మెడ మీద నక్కనా?" అన్నది శారమ్మ. "గా దేశపోళ్లకు దిమాక్ లేదా?"

ఇద్దరు నవ్విండ్రు. నేను నవ్వలే.

సంగతి ఏందంటే, ఎస్తర్ డెన్మార్క్ పోతానంటున్నది. అక్కడ ముసలోళ్ల ఆశ్రమాలల్ల నర్సులు తక్కువున్నరంట. నిజామాబాద్‌ల భానుప్రసాద్ అనేటాయన ఆఫీసు పెట్టి పిల్లలకు భాష నేర్పి పంపిస్తడంట. వారానికి మూడు రోజులు డ్యూటీ దిగినంక అక్కడ క్లాసు. మా కొడుకు పాల్ రాజ్, ఎస్తర్ తండ్రి, స్కూలు బస్సు నడుపుతడు. వాడు నా తాన కూసోని "బాపు, నువ్వు సై అంటేనే పంపుత" అన్నడు. నేను సై అనలే, నై అనలే. చూస్తున్న.

నేను మస్కట్ పోయొచ్చినోన్ని. పెండ్లయిన రెండో ఏడు పోయిన. అక్కడ దిగిన నాడే మాకు మాటలు నేర్పిండ్రు. రమల్ అంటే ఇసుక. హజర్ అంటే రాయి. షీల్ అంటే లేపు. యల్లా అంటే జల్దీ. నీళ్లను ఏమంటరో మూడో రోజు తెలిసింది, అది కూడ ఒక పాకిస్తానాయన చెప్తే. ఇంటికి పోతా అనే మాట రెండున్నర ఏండ్లల్ల ఎవ్వడు నేర్పలే. అప్పుడే నాకు సమజైంది. మనతోని వాళ్లకు ఏం పని ఉన్నదో ఆ మాటలే ముందు నేర్పుతరు. ఇసుక మోసేటోనికి ఇసుక.

మరి ఈ పిల్లకు పెయ్యి, ఒంటి తునకల పేర్లు, ఎందుకు నేర్పుతున్నరు?

మొదటి వారం పైపైన ఉన్నయే నేర్చింది. ముక్కు, చెవి, మోచెయ్యి, వేళ్లు. రెండో వారం లోపలికి పోయింది. గుండెకాయకు యెర్తె. కార్జానికి లెవ్వర్. నా పక్కబొక్కల, పక్కటెముకల కింద వేలు పెట్టి "న్యూరె" అన్నది.

"అదేంది?"

"కిడ్నీ."

కార్జం, గుర్దా. నేను ఈ పేర్లు మటన్ కొట్టుకాడ విన్న. మనిషి మీద వేలు పెట్టి చెప్తుంటే ఎన్నడు వినలే.

"రొట్టెను ఏమంటరు?" అని అడిగిన.

ఎస్తర్ ఆలోచించింది. "అది ఇంకా రాలే తాతా."

"నీళ్లను?"

"అది కూడ రాలే."

"నేను ఇంటికి పోత అనాలంటే?"

"గవన్నీ తర్వాత పాఠాలల్ల వస్తయి. ముందు పెయ్యి."

"ఎన్ని నేర్చినవ్?"

"నలభై రెండు."

నలభై రెండు తునకల పేర్లు వచ్చినయి, రొట్టె రాలే.

ఆ వారంలనే ఒక రోజు మోచేతి వంపుకు దూది పెట్టుకొని వచ్చింది. ఆ ఆఫీసోళ్లు దవాఖానల నెత్తురు తీయించిండ్రంట. బరువు చూసిండ్రంట, ఎత్తు కొలిసిండ్రంట, ఛాతికి ఫోటో తీసిండ్రంట. పొట్ట మీద మిషన్ తిప్పి కిడ్నీలు కూడ చూసిండ్రంట. "అంత మంచిగున్నదన్నరు" అని ఖుషీగ చెప్పింది.

నేను ముప్పై ఏండ్లు చెరుకు నరికినోన్ని. బోధన్ ఫ్యాక్టరీ నడిచిన దినాలల్ల చెరుకు ఎప్పుడు నరకాల్నో రైతు చేతుల ఉండకపోతుండె. ఫ్యాక్టరీ నుంచి ఫీల్డుమన్ వస్తుండె. నిలబడ్డ చెరుకుకు సూది గుచ్చుతడు. ఒక్క చుక్క రసం వస్తది. దాన్ని చిన్న దుర్బీన్ లాంటి దాంట్ల ఏసుకొని ఎండకు పట్టి చూస్తడు. రాసుకుంటడు. "మంచిగున్నది" అంటడు. అప్పుడు రైతు ఖుషీ అయితడు. ఎనిమిది రోజులకు కటింగ్ ఆర్డర్ వస్తది. అప్పుడు మేం కత్తులు పట్టుకొని పోతం.

గుచ్చి, చుక్క తీసి, మంచిగున్నది అని రాసుకున్నంక ఏమైతదో నాకు ఎరుకే.

శారమ్మకు చెప్పుదామనుకున్న. ఆమె పెండ్లికి ముందు డిచ్‌పల్లి మిషన్ దవాఖానల కుష్టు రోగుల పట్టీలు ఉతికింది. దవాఖాన అంటే ఆమెకు గుడి లెక్క. నేను నోరు తెరువకముందే అన్నది: "సూడయ్యా, దవాఖానల పనికి పెయ్యి పేర్లే ముందు గావాలె. ఎక్కడ నొస్తుందో తెల్వకపోతే మందు ఏడ పెడ్తవ్? నువ్వు ఊకె గట్ల గుడ్లు మిటకరియ్యకు, పిల్ల బెదురుతది."

ఇగ చెప్పలే.

పక్కింటి కొమురయ్యను అడిగిన. ఆయన కొడుకు కొనిచ్చిన ఫోన్ల లోకం మొత్తం చూస్తడు.

"ఎర్రన్నా, గట్లనే ఉంటది" అన్నడు కొమురయ్య. "నౌకరి అంటరు. తీస్కపోతరు. మత్తు సూది ఇస్తరు. లేసి సూసుకుంటే ఒకటే ఉంటది."

"ఒకటి?"

"కిడ్నీ. ఒక్కదానితోని బతుకుతరంట. ఇప్పుడు కుట్టు కూడ కానరాకుంట తీస్తున్నరు."

"నువ్వు చూసినవా?"

"ఫోన్ల సూసిన. నువ్వు సూస్తవా?"

వద్దన్న.

శుక్రవారం నాడు ఎస్తర్ చెప్పింది: సోమవారం అసలు పాస్‌పోర్ట్ ఆఫీసుల ఇయ్యాలంట. వీసా వచ్చేదాక అది భానుప్రసాద్ సార్ తాననే ఉంటదంట. ఇయ్యకపోతే ఈ బ్యాచ్‌ల పేరు ఉండదంట.

నా పాస్‌పోర్ట్ రెండున్నర ఏండ్లు మస్కట్‌ల కఫీల్ బీరువాల ఉండె. కఫీల్ అంటే అక్కడి యజమాని. మా తల్లి చచ్చిపోయిందని ఉత్తరం వచ్చింది. పోయి అడిగిన. పని చేసేదుంటే చెయ్యి, పాస్‌పోర్ట్ మాత్రం రాదన్నడు. మా తల్లి మట్టికి నేను లేను.

శనివారం మధ్యాహ్నం ఇంట్ల ఎవ్వరు లేరు. శారమ్మ మందుల దుకాణానికి పోయింది. రేకు పెట్టె తెరిసి, బట్టల కింద ఉన్న ఎస్తర్ పాస్‌పోర్ట్ తీసిన. అంగి లోపలి బనీను జేబుల పెట్టుకొని పిన్నీసు పెట్టిన.

సాయంత్రం ఆ పిల్ల పెట్టె తీసింది. అప్పటి నుంచి ఇల్లు ఇల్లు లెక్క లేదు. శారమ్మ బియ్యం సంచులు కుమ్మరించింది. పాల్ రాజ్ బస్సుల సీట్ల కింద కూడ చూసొచ్చిండు. ఎస్తర్ మూల మూలకు ఎతికి, చివరికి గోడకు ఒరిగి ఏడ్చింది. శారమ్మకు మోకాళ్లు వంగయి. అయినా మంచాల కింద పాకి చూసింది.

నేను అరుగు మీద కూసున్న. నేను మాట్లాడకపోవుడు చూసి ఎవ్వరికి అనుమానం రాలే. నేను ఎప్పుడు మాట్లాడ.

ఆదివారం గుడికి పోయినం. మా మెథడిస్టు గుడిల పాటలయినంక ప్రార్థన మనవులు చదువుతరు. ఫలానా ఆమెకు జరం, ఫలానా పిల్లగానికి పరీక్ష అని. ఆ రోజు శారమ్మ చీటీ రాయించి ఇచ్చింది. పాస్టరయ్య గట్టిగ చదివిండు: "మన సోదరి ఎస్తర్ పాస్‌పోర్ట్ కనబడకుండ పోయింది. అది ఎక్కడ దాగి ఉన్నదో ప్రభువుకు ఎరుకే. రేపటిలోగ దొరకాలని అందరం ప్రార్థన చేద్దాం."

అందరు కండ్లు మూసిండ్రు. నేను కూడ మూసిన. బనీను జేబుల అట్ట చెమటకు తడిసి ఛాతికి అతుకుతున్నది. పాస్టరయ్య చానా సేపు చేసిండు. దాచిన వస్తువులను బయటపెట్టేటోడా అన్నడు, చీకట్ల ఉన్నది వెలుగులకు తెచ్చేటోడా అన్నడు. అందరు ఆమెన్ అన్నరు. నేను కూడ అన్న. నేను ఆమెన్ అంటే పక్కనున్నాయన తిరిగి చూసిండు. నేను గుడిల కూడ మాట్లాడ.

ఇగ గట్ల ఉండుడు చేతకాలే. దాచుడుతోని పని అయితలేదు. ఆ ఆఫీసు ఏందో నా కండ్లతోని చూడాలె. మోసమైతే పాస్‌పోర్ట్ చింపి పొయ్యిల పెట్టాలె. మోసం కాకపోతే ఇచ్చెయ్యాలె. సోమవారం "కండ్లకు మందు తెచ్చుకుంట" అని పొద్దుననే అందరికి చెప్పి, మధ్యాహ్నం నిజామాబాద్ బస్సెక్కిన.

ఆఫీసు బ్యాటరీల దుకాణం మీద ఉన్నది. మెట్లెక్కిన. అద్దం తలుపు. లోపల చల్లగున్నది. బల్ల ఎనుక నలభై ఏండ్ల మనిషి, ఇస్త్రీ అంగి. ఆయన ఎనుక గోడకు ఇనుప బీరువా. ఇంకో గోడకు పెద్ద బొమ్మ, మనిషిని నిలువున తెరిసిపెట్టిన బొమ్మ. ఒక్కొక్క తునక మీద ఒక్కొక్క నంబరు.

"రండి పెద్దయ్యా, కూసోండ్రి" అన్నడు. ఆయనే భానుప్రసాద్. "చాయ చెప్పమంటరా?"

నేను ఎవరో అడుగకముందే చాయ ఎందుకు?

"వద్దు" అన్న. "నా పేరు కాశయ్య. మా బిడ్డను పంపుదామని."

"మంచి ఆలోచన పెద్దయ్యా. నర్సింగ్ చేసిందా?"

"చేసింది. పాస్‌పోర్ట్ ఇయ్యాలంటగా?"

"అసలుది ఇయ్యాలె. మన తాన భద్రంగ ఉంటది." బీరువాను చేతితోని తట్టిండు.

"ఎన్ని రోజులు?"

"వీసా వచ్చేదాక. నాలుగు నెలలో, ఆరు నెలలో."

"నడుమల పిల్ల వద్దనుకుంటే?"

ఆయన నవ్విండు. "ఎవరైన వద్దంటరా పెద్దయ్యా డెన్మార్క్‌ను?"

తిరిగి ఇస్తమని అనలే. నేను గుర్తు పెట్టుకున్న.

"గీ బొమ్మల ఉన్నోడు," గోడ దిక్కు చూపెట్టిన, "సచ్చినోడా, బతికున్నోడా?"

"బొమ్మ పెద్దయ్యా అది. బొమ్మకు చావేంది, బతుకేంది?"

"కిడ్నీలు ఎందుకు చూస్తరు?"

మళ్ల నవ్విండు. ఈ తాప జర్ర ఎక్కువ నవ్విండు. "రూల్ పెద్దయ్యా. అదొక రూల్."

పక్క గది తలుపు సగం తెరిసి ఉన్నది. లోపల ఏడెనిమిది మంది ఆడపిల్లలు. బల్ల మీద ప్లాస్టిక్ మొండెం, చేతుల్లేవు, కాళ్లు లేవు. ఒక పిల్ల దాని పొట్ట మూత తీసి, లోపలి నుంచి ఒక్కొక్కటి పీకి పళ్లెంల పెడ్తున్నది. ఎర్రగ చిక్కుడు గింజ లాంటిది తీసి, లేపి, "న్యూరె" అన్నది. మిగతా పిల్లలు అందరు కలిసి "న్యూరె" అన్నరు.

బల్ల పట్టుకొని లేసిన.

అదే యాళ్లకు ఆ గదిల నుంచి ఎస్తర్ బయటికి వచ్చింది. కండ్లు ఉబ్బి ఉన్నయి. "సార్, ఒక్క రోజు టైం ఇయ్యుండ్రి, ఇంట్ల ఇంకా ఎతుకుతున్నరు" అనుకుంట వచ్చి, నన్ను చూసి ఆగింది.

"తాతా?"

"కాశయ్య నీకు తాతనా?" అన్నడు భానుప్రసాద్.

"కాశయ్య ఎవరు సార్? మా తాత పేరు ఎర్రయ్య. తాతా, నువ్వు కండ్ల మందుకు పోయినవ్ గద?"

ఇగ దాచే పని లేదు. "ఈడికి ఇయ్యకు" అన్న. "నిన్ను నరుకుతరు. గుచ్చి చూసిండ్రు, మంచిగున్నదన్నరు. కిడ్నీ తీస్తరు."

లోపల పిల్లలు విన్నరు. ఒక పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నది. ఇంకో పిల్లతోని ఆగలే, పక్కుమన్నది. అందరు నవ్విండ్రు. భానుప్రసాద్ అందరి కంటె గట్టిగ నవ్విండు. ఎస్తర్ మాత్రం నవ్వలే. ఆ పిల్ల చెవులు ఎర్రగైనయి.

గదిల గోడకున్న టీవీల నుంచి ఒక ఆడమనిషి గొంతు ఏందో అడిగింది. తెల్ల జుట్టు, కండ్లద్దాలు. నా అంత వయసు ఉంటదేమో. డెన్మార్క్ నుంచి పాఠం చెప్పే పంతులమ్మ, పేరు కారెన్. ఎందుకు నవ్వుతున్నరని అడుగుతున్నదని ఎస్తర్ చెప్పింది.

"ఏం లేదని చెప్పు" అన్నడు భానుప్రసాద్.

నేను పోయి టీవీ ముందట నిలబడ్డ. నాకు ఇంగ్లీష్ రాదు. నా పక్కబొక్క కింద చెయ్యి పెట్టి "న్యూరె" అన్న. చెయ్యిని కత్తి లెక్క చేసి కోసినట్టు చూపెట్టిన. ఎస్తర్‌ను చూపెట్టిన. మళ్ల "న్యూరె" అన్న.

పిల్లలు నవ్వుడు ఆపిండ్రు.

ఆ ముసలామె నవ్వలే. కండ్లద్దాలు తీసింది. తర్వాత నిమ్మళంగ మాట్లాడింది, ఎస్తర్ తెలుగుల చెప్పింది.

"నలభై ఏండ్లు నర్సు పని చేసిందంట తాతా. అక్కడ ముసలోళ్లకు మతి పోయినంక ఇంగ్లీష్ కూడ పోతదంట. సొంత భాషనే మిగుల్తదంట. రాత్రంత నొప్పి అని మొత్తుకుంటరంట, ఎక్కడనో సమజ్ కాదంట. అందుకే దండాలు పెట్టే పాఠం అయినంక పెయ్యి పాఠమే పెట్టిందంట. రొట్టె నాలుగో పాఠంల ఉన్నదంట. నెత్తురు, కిడ్నీలు చూసుడు మేం రోగంతోని పోకుండ చూసుకునేటందుకంట. కోసుడు గీసుడు ఏం లేదంట."

మంచిగనే చెప్పింది. నమ్మిన అని నేను అనలే. మంచిగ చెప్పుడు మస్కట్ ఏజెంటుకు కూడ వచ్చు.

"ఇంకొకటి అడుగు" అన్న. "మీ దేశంల పిల్ల పాస్‌పోర్ట్ ఎవరి తాన ఉంటది?"

ఎస్తర్ నా దిక్కు చూసింది. అడిగింది. కారెన్ వెంటనే ఒకటే మాట అన్నది, తర్వాత ఇంకా ఏదో అడిగింది. ఎస్తర్ తెలుగుల చెప్పలే. ఎనుకకు తిరిగి భానుప్రసాద్‌ను చూసింది.

"ఏమన్నది?" అన్న.

"పిల్ల తాననే ఉండాల్నంట. ఎవ్వరికి ఇయ్యద్దంట. ఇక్కడ నకలు ఇస్తే చాలంట." ఎస్తర్ గొంతు తగ్గింది. "ఎవరన్న తీసుకున్నరా అని అడుగుతున్నది."

కిడ్నీ పట్టుకున్న పిల్ల పేరు సుమన. ఆ పిల్ల దాన్ని బల్ల మీద పెట్టింది. "సార్, క్లాసు షురూ కాకముందు నుంచే, మూడు నెలలాయె, మావి మీ బీరువాల ఉన్నయి."

"మీ మంచికే సుమనా. హాస్టళ్లల్ల పోగొట్టుకుంటరు. చూసినవ్ గద ఎస్తర్ సంగతి."

"పోయిన నెల మా అక్క పెండ్లికి ఇంకో ఆఫీసు వాళ్లు కలిసిండ్రు సార్. వాళ్ల తాన జల్దీ అయితదన్నరు. పాస్‌పోర్ట్ అడిగితే మీరు ఇయ్యలే. తాళంచెవి హైదరాబాద్‌ల ఉన్నదన్నరు."

"ఉన్నది మరి."

"ఎడమ దిక్కు జేబుల ఉన్నది" అన్న. నేను వచ్చినప్పటి నుంచి ఆయన దాని మీద మూడు తాపలు చెయ్యి పెట్టుకున్నడు. చెరుకు గ్యాంగుల పనిచేసినోనికి ఎవడు ఏది దాస్తున్నడో తెలుస్తది.

ఆయన నా దిక్కు చూసిన చూపు మంచిది కాదు. కాని టీవీల ముసలామె చూస్తున్నది. ఎనిమిది మంది పిల్లలు లేసి నిలబడ్డరు. బీరువా దిక్కు ఉత్తగ చూసుకుంట నిలబడ్డరు. తాళంచెవి జేబుల నుంచే వచ్చింది.

రబ్బరు పెట్టిన పాస్‌పోర్టుల కట్ట తీసి ఒక్కొక్క పేరు పిలిసి బల్ల మీద ఏసిండు. పిల్లలు తీసుకొని ఫోటో తమదేనా అని తెరిసి చూసుకున్నరు. అందరివి అయినంక ఆయన ఎస్తర్ దిక్కు తిరిగిండు.

"నకలు చాలంటున్నది మేడం. నీకు అసలుదే లేదు, నకలు ఏడికెళ్లి తెస్తవ్? ఈ రోజే ఆఖరు. నీ పేరు తీసేస్తున్న."

ఎస్తర్ నా పక్కనే నిలబడ్డది. అప్పుడు నేను అంగి గుండీలు ఇప్పిన. పిన్నీసు రాలే. సుమన వచ్చి తీసింది. తడిసిన పాస్‌పోర్ట్ బల్ల మీద పెట్టిన.

ఎవ్వరు నవ్వలే ఈ తాప.

ఎస్తర్ దాన్ని తీసుకున్నది. చున్నీతోని తుడిసింది. నా చెవి కాడికి వచ్చి, ఒక్క నాకే వినబడేటట్టు అన్నది: "మస్కట్‌ల నీకు వాడు ఏం చేసిండో, నాకు నువ్వు గదే చేసినవ్ తాతా."

నకలు అక్కడనే మిషన్ మీద తీసిండ్రు. ఎస్తర్ సంతకం పెట్టి ఇచ్చింది. అసలుది తన సంచిల ఏసుకున్నది.

బస్సుల ముందట ఆడోళ్ల సీట్ల కూసున్నది. నేను ఎనుక కూసున్న. బోధన్‌ల దిగినంక ఆటో కాడ నా తాన వచ్చి నిలబడ్డది.

"అవ్వ రెండు రోజులు మంచాల కింద పాకింది. ఆమెకు నేను చెప్ప. నువ్వే చెప్పు."

చెప్పిన. శారమ్మ అప్పుడు కూరగాయలు కోస్తున్నది. కత్తి ఆపలే. వంకాయలు అయిపోయేదాక కోసింది. తర్వాత అన్నది: "గుడిల అందరు కండ్లు మూసుకుంటే నువ్వు జేబుల పెట్టుకొని ఆమెన్ అన్నవ్."

"ఊ."

"దొరికితే సాక్ష్యం సెప్తనని మొక్కిన. నేను సెప్ప. నువ్వు నిలబడి సెప్పు."

"నాకు రాదు."

"కాశయ్య అని అబద్ధం సెప్పుడు వచ్చింది గద."

ఆదివారం సాక్ష్యాలప్పుడు నిలబడ్డ. యాభై ఏండ్లల్ల ఆ గుడిల నేను నిలబడి మాట్లాడింది లేదు. మైకు ఇచ్చిండ్రు, తీసుకోలే. "పాస్‌పోర్ట్ పోలే. నేనే తీసిన. పిల్లను కోస్తరని భయపడ్డ" అన్న. కూసున్న. పాస్టరయ్యకు స్తోత్రం అనాల్నో వద్దో సమజ్ కాలే. పాట ఎత్తుకున్నడు.

బయటికొచ్చినంక కొమురయ్య ఎదురై "ఒక్కటే ఉంటదా, రెండుంటయా, తేల్చినవా ఎర్రన్నా?" అన్నడు. శారమ్మ ఆయనకు చెప్పాల్సింది చెప్పింది. ఆయన వారం రోజులు మా గడప తొక్కలే.

వచ్చే నెల పదో తారీఖు ఎస్తర్ ఇంటర్వ్యూ. ఆ దేశపు ముసలోళ్ల ఆశ్రమం వాళ్లే టీవీల మాట్లాడుతరంట. భానుప్రసాద్ ఇప్పటికి ఫోన్ చేస్తడు, మంచిగ మాట్లాడుతడంట. మంచిగ మాట్లాడుతున్నడంటే నాకు ఇంకా అనుమానమే. పాల్ రాజ్ మళ్ల వచ్చి "సై అంటవా బాపు?" అని అడిగిండు. "నన్నెందుకు అడుగుతవ్, ఆ పిల్లను అడుగు" అన్న.

రేకు పెట్టెకు కొత్త తాళం వచ్చింది. పాస్‌పోర్ట్ అందుల ఉన్నదో, ఇంకెక్కడ ఉన్నదో తెల్వదు. తాళంచెవి ఎవరి తాన ఉన్నదో నేను అడుగలే. పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు ఎస్తర్ చెప్పులు ఏసుకొని గడప కాడ ఆగుతది. పెట్టె దిక్కు ఒకసారి చూస్తది. తర్వాత అరుగు మీద ఉన్న నా దిక్కు చూస్తది.

చూడనీ.